కణత్వచం: పిల్లలూ పెద్దలూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఇంటర్ బైపీసీ పిల్లలకి పన్నెండేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. మిగతా చాప్టర్లతో పోలిస్తే పిల్లలు చాలా తొందరగా బట్టీ పట్టేసి అంతే తొందరగా మర్చిపోయేది ఈ కణత్వచమే, అంటే కణం చుట్టూ ఉండే పల్చటి పొర, ఎందుకంటే పుస్తకంలో రెండు వరసల గుండ్లు, వాటికి తోకలు గీసి పక్కన పేర్లు రాసేస్తారు, అది చూసి ఇదేదో ఊరికే నిలబడి ఉండే ప్రహరీ గోడ అనుకుంటారు. నిజానికి అది క్షణం కూడా ఖాళీగా ఉండదు. లోపల ఒకలా, బయట ఇంకోలా ఉండేట్టు చూసుకోవడమే దాని పని, ఆ తేడా పూర్తిగా పోయిందంటే కణం చచ్చిపోయినట్టే. క్లాసులో, ఫోన్లో, చుట్టాలింటికి వెళ్లినప్పుడు నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను.

కణత్వచం, కణకవచం రెండూ ఒకటేనా?

కాదండి. పేర్లు దగ్గర దగ్గరగా ఉండేసరికి పరీక్షలో కూడా తారుమారు చేసి రాసేస్తుంటారు. కణకవచం అంటే సెల్ వాల్, అది మొక్కలకి, ఫంగస్‌లకి, చాలావరకు బాక్టీరియాలకి బయట ఉండే గట్టి తొడుగు, మొక్కల్లో ముఖ్యంగా సెల్యులోజ్‌తో ఉంటుంది. మన ఒంట్లో ఏ కణానికీ అది లేదు. కణత్వచం అంటే ప్లాస్మా పొర, ఇది మాత్రం బతికున్న ప్రతి కణానికీ ఉంటుంది, మొక్కల్లో అయితే కవచానికి లోపలివైపు ఆనుకుని ఉంటుంది. ల్యాబ్‌లో ఉల్లిపొర స్లైడు పెట్టినప్పుడు ఇటుకల్లా కనిపించే గీతలు చూసి "సార్, త్వచం కనపడింది" అంటారు పిల్లలు, కానీ ఆ గీతలు కవచాలే. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి సెల్ అని పేరు పెట్టినవి కూడా ఖాళీ కవచాలే, లోపలి కణాలు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి.

ఇంకోటి, ఉడికిన గుడ్డు పెంకు తీస్తే వచ్చే తెల్లటి పల్చటి పొర కణత్వచం అనుకుంటారు చాలామంది. కాదు. అది ప్రోటీన్ పోగులతో అల్లిన పొర, కంటికి కనపడుతోందంటేనే అది కణత్వచం కాదని అర్థం చేసుకోవచ్చు.

మరి ఎంత పల్చగా ఉంటుంది?

సుమారు 7 నుంచి 8 నానోమీటర్లు. మనం రాసుకునే కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు అనుకుంటే, అంత మందం రావాలంటే కణత్వచాలు పదమూడు వేల దాకా ఒకదాని మీద ఒకటి పేర్చాలి. మామూలు మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కంటే చిన్నవాటిని విడివిడిగా చూపించలేదు, అందుకే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చేదాకా, అంటే 1950ల దాకా, ఈ పొరని నేరుగా చూసినవాళ్లు లేరు. అయినా అది ఉందని, కొవ్వులాంటి పదార్థంతో ఉందని, అదీ రెండు వరసల్లో ఉందని అంతకు ముందే పట్టేశారు. ఎలాగో కింద చెప్తాను, నాకు చాలా ఇష్టమైన కథ అది.

దేంతో తయారవుతుంది?

ప్రధానంగా ఫాస్ఫోలిపిడ్లు, ప్రోటీన్లు, జంతు కణాల్లో అయితే కొలెస్ట్రాల్, బయటి వైపు కొన్ని చక్కెర గొలుసులు. ఫాస్ఫోలిపిడ్‌కి ఒక తల, రెండు తోకలు ఉంటాయి. తలలో ఫాస్ఫేటు ఉంటుంది, దానికి నీళ్లంటే ఇష్టం. తోకలు కొవ్వు ఆమ్లాలు, వాటికి నీళ్లు పడవు. ఇలాంటి అణువుల్ని నీళ్లలో వేస్తే ఎవరూ సర్దక్కర్లేకుండానే తలలు నీటివైపు, తోకలు లోపలికి దాక్కునేలా రెండు వరసలుగా సర్దుకుంటాయి, అంచులు ఉంటే తోకలకి నీళ్లు తగుల్తాయి కాబట్టి ఆ అంచులు కూడా కలిసిపోయి బుడగలా మూసుకుంటుంది. పులుసు మీద తేలే నూనె చుక్కలు గరిటెతో విడగొట్టినా మళ్లీ కలిసిపోతాయి చూడండి, దానికీ దీనికీ మూలకారణం ఒక్కటే, నీళ్లు నీళ్లతోనే ఉండాలనుకుంటాయి. అందుకే సన్నటి సూదితో కణాన్ని గుచ్చి తీసినా ఆ చిన్న కన్నం పూడిపోతుంది.

ఎంత శాతం ఏముంటుంది అనేది కణాన్ని బట్టి మారుతుంది. మన ఎర్ర రక్తకణం త్వచంలో దాదాపు 52 శాతం ప్రోటీన్లు, 40 శాతం లిపిడ్లు, ఈ అంకెలు నీట్ పిల్లలకి కావాలి, రాసుకోండి. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరలో మాత్రం ప్రోటీన్ 20 శాతం లోపే, మిగతాదంతా దాదాపు కొవ్వే, ఎందుకంటే దాని పని కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులాంటిది. మైటోకాండ్రియా లోపలి పొరలో ప్రోటీన్లు 75 శాతం దాకా ఉంటాయి, అక్కడ శక్తి తయారయ్యే యంత్రాలన్నీ కిక్కిరిసి ఉంటాయి మరి. పని ఎక్కువున్న చోట ప్రోటీన్ ఎక్కువ. ఇది గుర్తుంటే అంకెలు మర్చిపోయినా ఫర్వాలేదు.

చూడకుండానే రెండు వరసలు అని ఎలా చెప్పారు?

ఇది వంటింట్లో మొదలైంది. జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అనే ఆవిడ ఉండేవారు, ఆ రోజుల్లో ఆడవాళ్లని యూనివర్సిటీలోకి రానిచ్చేవాళ్లు కాదు, ఇంట్లో అమ్మానాన్నల్ని చూసుకుంటూ గిన్నెలు తోమే నీళ్ల మీద నూనె, సబ్బు ఎలా పరుచుకుంటున్నాయో గమనించి, రేకు తొట్టితో సొంతంగా ఒక పరికరం చేసుకుని కొలతలు తీశారు. ఆ వివరాలన్నీ ఇంగ్లండ్ శాస్త్రవేత్త లార్డ్ రాలీకి ఉత్తరం రాస్తే ఆయన దాన్ని 1891లో నేచర్ పత్రికలో వేయించారు. తర్వాత లాంగ్‌మ్యూర్ అనే అమెరికా శాస్త్రవేత్త అదే పద్ధతిని మెరుగుపరిచి, నీటి మీద కొవ్వు ఒకే ఒక్క అణువు మందంలో పరుచుకుంటుందని 1917లో చూపించారు.

1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఆ తొట్టినే వాడారు. క్షీరదాల ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు, మైటోకాండ్రియా ఉండవు, అంటే కొవ్వు ఎంత వచ్చినా అది బయటి పొరదే. అందుకని మనిషి, కుక్క, గొర్రె, మేక, కుందేలు లాంటి వాటి రక్తం తీసుకుని, ఎసిటోన్‌తో కొవ్వు లాగి, నీటి మీద పరిచి వైశాల్యం కొలిచారు. ఆ కణాల ఉపరితలానికి అది సరిగ్గా రెండింతలు వచ్చింది. రెండింతలు వచ్చిందంటే రెండు వరసలు ఉన్నట్టే కదా.

దీంట్లో ఒక విచిత్రం ఉంది. ఎసిటోన్ మొత్తం కొవ్వుని లాగలేదు, వాళ్లకి తక్కువే వచ్చింది. అటుపక్క ఎండిపోయిన కణాల్ని కొలవడం వల్ల కణాల వైశాల్యం కూడా తక్కువ లెక్కేశారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి సరిచేసుకుని జవాబు సరైనది వచ్చింది. ఈ విషయం పిల్లలకి తప్పకుండా చెప్తాను, సైన్సు ఎప్పుడూ నున్నటి రోడ్డు మీద నడవలేదని వాళ్లకి తెలియాలి.

ఫ్లూయిడ్ మొజాయిక్ మోడల్‌లో ఫ్లూయిడ్ అంటే నిజంగా పారుతుందా?

పారుతుంది. 1972లో సింగర్, నికల్సన్ ఈ నమూనా ఇచ్చారు, లిపిడ్లు ఒక పల్చటి ద్రవంలా ఉంటాయి, ప్రోటీన్లు అందులో తేలుతూ, కొన్ని అటునుంచి ఇటు దాకా దూరి, కొన్ని అంచున అతుక్కుని ఉంటాయి అని. దానికి రెండేళ్ల ముందు ఫ్రై, ఎడిడిన్ చేసిన ప్రయోగం తెలిస్తే ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది. ఎలుక కణాన్ని, మనిషి కణాన్ని కలిపి ఒకే కణం చేశారు. ఎలుక ప్రోటీన్లకి ఒక రంగు, మనిషి ప్రోటీన్లకి ఇంకో రంగు మెరిసేలా పెట్టారు. మొదట సగం ఒక రంగు, సగం ఇంకో రంగు ఉంది. 37 డిగ్రీల దగ్గర పెడితే 40 నిమిషాలకల్లా రెండు రంగులూ కణమంతా కలిసిపోయాయి. 15 డిగ్రీల కంటే కిందకి చల్లబరిస్తే మాత్రం ఆ కలయిక దాదాపు ఆగిపోయింది. నెయ్యి గడ్డకట్టినట్టు అన్నమాట.

ఒక్కో లిపిడ్ అణువు పక్కకి జరిగే వేగం ఎంతంటే ఒక బాక్టీరియా ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క సెకనులో చేరిపోతుంది. కానీ పై వరస నుంచి కింద వరసకి బోర్లా పడటం మాత్రం చాలా అరుదు, గంటలు, రోజులు పడుతుంది, ఎందుకంటే నీళ్లు ఇష్టపడే తల కొవ్వు మధ్యలోంచి దాటాలి. అందుకే లోపలి వరస, బయటి వరస వేర్వేరు లిపిడ్లతో ఉండగలుగుతాయి. ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే లిపిడ్‌ని కణం ఎప్పుడూ లోపలి వరసలోనే ఉంచుకుంటుంది, కణం చావుకి సిద్ధమైనప్పుడు అది బయటికొస్తుంది, దాన్ని చూసి తెల్ల రక్తకణాలు వచ్చి ఆ కణాన్ని తినేస్తాయి.

కొలెస్ట్రాల్ చెడ్డది అంటారు, మరి త్వచంలో దానికేం పని?

కొలెస్ట్రాల్ లేకపోతే మన కణాలు బతకవు. రక్తంలో ఎక్కువైతే ఇబ్బంది, అది వేరే సంగతి. త్వచంలో అది ఫాస్ఫోలిపిడ్ల మధ్య దూరి, వేడికి మరీ పల్చబడకుండా, చలికి మరీ బిగుసుకోకుండా చూస్తుంది.

దీన్ని వంటింటి అలమారలో చూడొచ్చు. చలికాలంలో నెయ్యి, కొబ్బరి నూనె గడ్డకడతాయి, నువ్వుల నూనె, పల్లీ నూనె కట్టవు. నెయ్యిలో తోకలు ఎక్కువగా తిన్నగా ఉంటాయి, కట్టెల మోపులా దగ్గరగా సర్దుకుంటాయి. నువ్వుల నూనెలో తోకలకి వంకరలు ఉంటాయి, దగ్గరగా సర్దుకోలేవు. చల్లటి నీళ్లలో ఉండే చేపలు తమ త్వచాల్లో ఈ వంకర తోకల శాతం పెంచుకుంటాయి, లేకపోతే ఆ చలికి పొర బిగుసుకుపోయి పనులాగిపోతాయి.

ఇక ఫంగస్ విషయానికొస్తే, వాటి త్వచాల్లో కొలెస్ట్రాల్ బదులు ఎర్గోస్టెరాల్ ఉంటుంది. 2021లో కరోనా సెకండ్ వేవ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆంఫోటెరిసిన్ బి ఇంజెక్షన్ల కోసం మనవాళ్లు ఎన్ని ఊళ్లు తిరిగారో గుర్తుండే ఉంటుంది. ఆ మందు ఎర్గోస్టెరాల్‌ని పట్టుకుని ఫంగస్ త్వచాన్ని పాడుచేస్తుంది, అందులోంచి పొటాషియం లాంటివి కారిపోయి ఫంగస్ చస్తుంది. కొలెస్ట్రాల్‌ని కూడా కొంచెం పట్టుకుంటుంది కాబట్టి మన కిడ్నీలకి దెబ్బ. లైపోసోమల్ అని డాక్టర్లు ప్రత్యేకంగా రాసింది ఎందుకంటే, అందులో మందుని ఫాస్ఫోలిపిడ్లతో చేసిన చిన్న బుడగల్లో కలిపి ఇస్తారు, కిడ్నీలకి దెబ్బ తగ్గుతుంది. అంటే ఒక త్వచాన్ని కొట్టడానికి వెళ్లే మందుని ఇంకో త్వచంలాంటి దాంట్లో పెట్టి పంపుతున్నారన్నమాట.

దేన్ని రానిస్తుంది, దేన్ని ఆపుతుంది?

ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి చిన్నవి, ఛార్జి లేనివి నేరుగా కొవ్వు మధ్యలోంచి వెళ్లిపోతాయి. సోడియం, పొటాషియం, క్లోరైడ్ లాంటి ఛార్జి ఉన్నవి ఎంత చిన్నవైనా సొంతంగా దాటలేవు. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు కూడా అంతే. వీటికి ప్రోటీన్లతో చేసిన దార్లు, మోసుకెళ్లే వాహకాలు కావాలి. ఎక్కువున్న చోట నుంచి తక్కువున్న చోటికి వెళ్తే ఖర్చు లేదు, దాన్నే విసరణ అంటాం, ప్రోటీన్ సాయం ఉన్నా సరే ఖర్చు లేదు. ఎదురెక్కాలంటే మాత్రం శక్తి పెట్టాలి, అది సక్రియ రవాణా. పరీక్షలో అడిగే తేడా అంతా ఇదే.

నీళ్ల సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. నీళ్లు కొవ్వు పొరలోంచి మెల్లగా కొంత వెళ్తాయి, కానీ ఎర్ర రక్తకణాల్లో, కిడ్నీల్లో అంత వేగంగా ఎలా వెళ్తున్నాయో చాలాకాలం తేలలేదు. అమెరికాలో పీటర్ ఆగ్రి ఆర్‌హెచ్ బ్లడ్ గ్రూపు ప్రోటీన్ కోసం వెతుకుతుంటే మధ్యలో ఇంకో ప్రోటీన్ అడ్డం వచ్చింది. అదేం చేస్తుందో చూద్దామని కప్ప అండకణాల్లో దాన్ని తయారుచేయించి పల్చటి నీళ్లలో వేస్తే అవి ఉబ్బి పగిలిపోయాయి, పక్కన మామూలు అండకణాలకి ఏమీ కాలేదు. 1992 సంగతి ఇది. ఆక్వాపోరిన్ అని పేరు పెట్టారు, ఒక్కో దారిలోంచి సెకనుకి దాదాపు 300 కోట్ల నీటి అణువులు పోతాయి, ఒకటి వెనక ఒకటి వరసలో. 2003లో ఆయనకి నోబెల్ వచ్చింది, పొటాషియం దారి రూపం చూపించిన రోడెరిక్ మెకినన్‌తో కలిపి.

ద్రవాభిసరణ (ఆస్మాసిస్) ఎప్పుడు చదివినా అర్థం కాదు, తేలిగ్గా చెప్పండి.

మాగాయ చూడండి, అర్థమవుతుంది. మా అమ్మ మామిడికాయల చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టి వాసెన కట్టేది. చుక్క నీళ్లు పోయలేదు, జాడీ తుడిచి ఆరబెట్టింది కూడా. మూడో రోజు మూత తీస్తే ముక్కలు మునిగేంత ఊట. ముక్క పట్టుకుంటే మొదటి రోజు కటుక్కుమన్నది ఇప్పుడు మెత్తగా వంగుతుంది. ఆ ఊటంతా ఎక్కడిది? మామిడి కణాల లోపలిదే. బయట ఉప్పు చిక్కగా ఉంది, లోపల పల్చగా ఉంది, త్వచం ఉప్పుని తొందరగా లోపలికి రానివ్వదు కానీ నీళ్లని పోనిస్తుంది, అందుకని నీళ్లు చిక్కటి వైపు నడిచాయి. లోపల నీళ్లు తగ్గేసరికి త్వచం కవచాన్ని వదిలేసి ముడుచుకుంటుంది, ప్లాస్మోలైసిస్ అనేది అదే. రోజులు గడిచేకొద్దీ ఆ కణాలు చచ్చిపోయి త్వచం కూడా పట్టు వదిలేస్తుంది, అప్పుడే ఉప్పు ముక్క లోపలిదాకా పడుతుంది. పచ్చడి పాడుచేద్దామని వచ్చిన బాక్టీరియాకి కూడా అదే గతి, ఉప్పు దాని నీళ్లు లాగేస్తుంది, అందుకే ఏడాదంతా నిలవ ఉంటుంది.

దీనికి రివర్సు కావాలంటే వాడిపోయిన కొత్తిమీర కాడలు గ్లాసు నీళ్లలో పెట్టండి, గంటలో నిలబడుతుంది.

మన రక్తకణాలకి కవచం లేదు కాబట్టి ఉబ్బితే ఆపేవాళ్లు లేరు, పగిలిపోతాయి. హాస్పిటల్లో ఎక్కించే ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) బాటిల్ మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది చూడండి, లీటరుకి 9 గ్రాముల ఉప్పు. ఆ లెక్కలో ఉంటే రక్తకణం లోపలికీ బయటికీ సమానంగా ఉంటుంది. ఉత్త డిస్టిల్డ్ వాటర్ అలా ఎక్కించకూడదు, కణాలు పగులుతాయి.

సోడియం పొటాషియం పంపు మీద అంత గొడవ ఎందుకు?

ఎందుకంటే మీరు ఇది చదువుతున్నారంటే అది నడుస్తోంది కాబట్టి. కణం బయట సోడియం దాదాపు 145 మిల్లీమోలార్ (చిక్కదనం కొలిచే లెక్క) ఉంటే లోపల 12 చుట్టుపక్కల, పొటాషియం లోపల 140 ఉంటే బయట 4. వదిలేస్తే ఇవి మెల్లమెల్లగా సమానమైపోతాయి. త్వచంలో ఉండే ఈ పంపు ప్రోటీన్ ఒక్కో ఏటీపీ (కణం శక్తి కోసం వాడుకునే అణువు) ఖర్చుపెట్టి 3 సోడియంలని బయటికి తోసి 2 పొటాషియంలని లోపలికి తెస్తుంది, రాత్రీ పగలూ. డెన్మార్క్‌లో జెన్స్ స్కూ 1957లో పీత నరాల్లో దీన్ని పట్టుకున్నారు, నోబెల్ 1997లో ఇచ్చారు, నలభై ఏళ్లకి.

ఆ పంపుకి కూలి ఇచ్చే ఏటీపీని కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు, 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి, అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టారు. మన పిల్లల్లో చాలామందికి ఈయన పేరే తెలీదు, ఆ చాప్టర్ వచ్చినప్పుడల్లా బోర్డు మీద రాస్తాను.

ఈ తేడా వల్ల నరకణం త్వచానికి అటూ ఇటూ దాదాపు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. అంతేనా అనిపిస్తుంది, కానీ ఆ తేడా ఉన్నది 7 నానోమీటర్ల మందంలో. లెక్కేస్తే సెంటీమీటరుకి లక్ష వోల్టుల లెక్క. నరంలో సంకేతం పరిగెత్తడం అంటే సోడియం దార్లు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకోవడమే. పన్ను పీకే ముందు ఇచ్చే లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఆ దార్లని మూసేస్తుంది, అందుకే నొప్పి కబురు మెదడుకి చేరదు.

ఓఆర్ఎస్‌లో ఉప్పు సరే, చక్కెర ఎందుకు? రుచికా?

రుచికి కాదండి, దయచేసి ఇది మాత్రం అందరూ చదవండి. పేగు గోడ కణాల త్వచంలో ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహకం ఉంటుంది. అది 2 సోడియంలు, 1 గ్లూకోజ్ రెండూ దొరికితేనే లోపలికి తీసుకెళ్తుంది. వాటి వెనకే నీళ్లు వెళ్తాయి. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ జోడీ సంగతి చెప్పారు. కలరా విషం, 1959లో కలకత్తాలో శంభునాథ్ డే చూపించింది, ఏం చేస్తుందంటే పేగు కణాల్లో క్లోరైడ్ దార్లని తెరిచి ఉంచేస్తుంది, నీళ్లు బయటికి ధారగా పోతాయి. కానీ ఈ గ్లూకోజ్ సోడియం దారిని మాత్రం అది పాడుచెయ్యదు. అంటే ఒక తలుపు ఊడిపోయి ఇంట్లో సామానంతా పోతున్నా ఇంకో తలుపు నుంచి మనం తిరిగి తెచ్చుకోవచ్చు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బెంగాల్ సరిహద్దులో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది, సెలైన్ బాటిళ్లు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి వచ్చాయి. ఆయన 2022లో పోయారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్ వేసి తాగించకండి. తీపి ఎక్కువైతే పేగులో చిక్కదనం పెరిగి ఒంట్లో నీళ్లనే పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి, మాగాయ జాడీలో జరిగిందే. అందుకే ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మే తియ్యటి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకులకి ఆ పేరు వాడకూడదని చెప్పింది. ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచిన టీ చెంచాలు, అంతే.

షుగర్ జబ్బుకి, త్వచానికి సంబంధం ఉందా?

చాలా ఉంది. కండ కణాల్లో, కొవ్వు కణాల్లో గ్లూకోజ్‌ని లోపలికి తెచ్చే గ్లూట్4 అనే ప్రోటీన్లు మామూలప్పుడు లోపల చిన్న సంచుల్లో ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి బయట రిసెప్టర్‌ని, అంటే కబురు అందుకునే ప్రోటీన్‌ని, తాకితే ఆ కబురు లోపలికి వెళ్లి, సంచులు త్వచంతో కలిసిపోయి, గ్లూట్4 పైకొచ్చి దారి తెరుస్తాయి. టైప్ 2లో ఇన్సులిన్ తలుపు కొడుతుంది కానీ కబురు సరిగ్గా అందదు. కండ పనిచేస్తే మాత్రం ఇన్సులిన్‌తో సంబంధం లేకుండా కూడా గ్లూట్4 పైకొస్తుంది, భోజనం చేశాక కాసేపు నడవమనేది అందుకే. ఈ మధ్య డాక్టర్లు రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి కిడ్నీల్లో ఎస్‌జీఎల్‌టీ2ని మూస్తాయి, పైన చెప్పిన ఎస్‌జీఎల్‌టీ1కి తమ్ముడే అది, గ్లూకోజ్ మూత్రంలో పోతుంది. మందులు మార్చుకోవడం మాత్రం మీ డాక్టర్‌ని అడిగే చెయ్యండి.

బ్లడ్ గ్రూపు త్వచం మీద ఉంటుందా?

అవును. ఎర్ర రక్తకణం పైన ఉండే చక్కెర గొలుసు చివర ఏముంది అన్నదే ఎ, బి, ఓ తేడా. అడుగున హెచ్ అనే గొలుసు అందరికీ ఉంటుంది, దాని చివర ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ ఉంటే ఎ, గెలాక్టోస్ ఉంటే బి, రెండూ ఉంటే ఏబీ, ఏదీ లేకపోతే ఓ. ఆ అడుగు గొలుసు కూడా లేనివాళ్లు ఉన్నారు, 1952లో బొంబాయిలో కనిపెట్టారు కాబట్టి బాంబే గ్రూప్ అంటారు. మామూలు టెస్టులో ఓ లాగే కనిపిస్తారు కానీ వాళ్లకి ఓ రక్తం కూడా ఎక్కించకూడదు, బాంబే గ్రూప్ రక్తమే కావాలి. మీ చుట్టుపక్కల ఎవరికైనా ఈ గ్రూప్ అని తేలితే దాతల లిస్టులో పేరు ఇప్పించండి, ఎక్కడో ఒకరికి అవసరం పడుతుంది.

సబ్బుతో వైరస్ ఎలా చస్తుంది?

కరోనా వైరస్ బయటకొచ్చేటప్పుడు మన కణం లోపలి పొరల్లోంచే ఒక ముక్క కప్పుకుని వస్తుంది. సబ్బు అణువుకి కూడా ఒక తల, తోక ఉంటాయి, ఆ తోకలు వైరస్ కొవ్వు పొరలో దూరి దాన్ని ముక్కలు చేసేస్తాయి. అలాంటి పొర లేని వైరస్‌ల మీద, పోలియోలాంటివి, సబ్బు ఇలా పనిచెయ్యదు, అక్కడ చేతిమీంచి కడిగేయడం వల్లే లాభం.

ఇంట్లో పిల్లలకి చూపించడానికి ఏమైనా ఉందా?

బీట్‌రూట్ ఉంటే చాలు. చెక్కు తీసి ఒకే సైజు ముక్కలు నాలుగు కొయ్యండి. కోసినప్పుడు తెగిన కణాల రంగు ఎలాగూ కారుతుంది, అందుకని నీళ్లు తేటగా వచ్చేదాకా ముక్కల్ని కడగండి, ఈ పని మానేస్తే ప్రయోగం చెడిపోతుంది. ఒక ముక్కని ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టుకోండి. తర్వాత నాలుగు గాజు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఒకదాంట్లో పొగలు కక్కే వేణ్ణీళ్లు, ఒకదాంట్లో శానిటైజర్ కలిపిన నీళ్లు, ఇంకోదాంట్లో మళ్లీ మామూలు నీళ్లే పోసి ఫ్రీజర్ ముక్క దాంట్లో వెయ్యండి. కదపకుండా పావుగంట వదిలేయండి.

బీట్‌రూట్ ఎర్ర రంగు కణం మధ్యలో ఉండే రిక్తికలో (వాక్యూల్ అనే సంచిలో) ఉంటుంది, బయటికి రావాలంటే రిక్తిక పొర, కణత్వచం రెండూ దాటాలి. మామూలు నీళ్లలో త్వచాలు బాగానే ఉన్నాయి కాబట్టి లేత గులాబీ రంగు వస్తే ఎక్కువ. వేణ్ణీళ్లలో ప్రోటీన్లు పాడై, కొవ్వు మరీ పల్చబడి ముదురు ఎరుపు వచ్చేస్తుంది. శానిటైజర్‌లో ఆల్కహాల్ కొవ్వు పొరని చెదరగొడుతుంది, అదీ ఎర్రబడుతుంది. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని చూసేది మాత్రం నాలుగోదాన్ని. లోపలి నీళ్లు గడ్డకట్టి ఐసు ముక్కలు ఆ పొరల్ని చీల్చేసి ఉంటాయి, బయటికి ముక్క చెక్కుచెదరనట్టే ఉంటుంది, చల్లటి నీళ్లలో వేసిన రెండు నిమిషాలకే దాని అడుగునుంచి ఎర్రటి చార సన్నగా దిగడం మొదలవుతుంది, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి.